రంజాను చొక్కా: మా చిన్ననాటి పండుగ బట్టలు

మన సంఘం ఏటా రంజాను నెలలో పేద పిల్లలకు కొత్త బట్టలు ఇస్తోంది. దాతల సొమ్ముతోనే ఆ పని సాగుతోంది. ఆ బట్టలు ఎప్పుడు అందాలి, ఎలాంటివి కావాలి అని పెద్దలు ఆలోచించే వేళ, 1950ల్లో ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి పల్లెల్లో మా తరం పిల్లలకు పండుగ బట్టలు ఎలా అమిరేవో నాలుగు మాటలు చెబుదామనుకున్నాము.

ముందు పంచాంగం సంగతి. సంక్రాంతి ఏటా జనవరిలోనే వస్తుంది. కోతలయ్యి, ధాన్యం అమ్మి, చేతిలో నాలుగు రూకలున్న రోజులవి. మన పండుగ అలా కాదు. చంద్రమానం ప్రకారం ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ దాదాపు 33 ఏళ్ళకు ఒక చుట్టు తిరుగుతుంది. స్వాతంత్ర్యం వచ్చిన మూడో రోజున, 1947 ఆగస్టు 18న, ఈద్ జరుపుకున్నాము. ఆ ముందూ వెనకా కొన్నేళ్ళపాటు పండుగ వానాకాలంలోనే పడింది. డబ్బంతా నాట్లలో ఉంటుంది. తమ్మిలేరు, బుడమేరు పొంగి కొల్లేట్లో కలుస్తుంటాయి. అటువైపు కూలికి పనే దొరకదు.

దానికి తోడు గుడ్డకు కంట్రోలు. యుద్ధకాలంలో, 1943లో, మొదలయిన ఆ కంట్రోలును 1948 జనవరిలో ఎత్తేస్తే ధరలు మండిపోయాయి. ఆ ఏడే మళ్ళీ పెట్టారు. మా పెద్దక్కకు ఆ రోజుల్లో కొత్త గుడ్డ దొరక్క, అమ్మ తన పెళ్ళి చీర కోసి లంగా కుట్టించింది. ఆ లంగా గురించి అక్క ఇప్పటికీ చెబుతుంది, చీర గురించి అమ్మ ఎన్నడూ చెప్పలేదు.

మా బాల్యానికి పండుగ వేసవి వైపు జరిగింది. 1953లో జూన్ నడుమ పడింది. బడులు తెరిచేదీ అప్పుడే. కాబట్టి ఒక్క జతతోనే ఈద్‌గాకూ, బడికీ సరిపెట్టేవారు. మగపిల్లలకు పాప్లిన్ చొక్కా, లాగు, తలకు టోపీ. ఆడపిల్లలకు చీటిగుడ్డ లంగా, జాకెట్టు. కలిగిన ఇళ్ళలో సాటిన్. గుడ్డ గజాల్లో కొలిచేవారు. దర్జీ ఒంటికి సరిపడా కుడితే అమ్మలు ఒప్పుకునేవారు కాదు. లంగా అంచు పైన రెండు మూడు టక్కులు వేయించి, ఏటా ఒకటి విప్పేవారు. విప్పిన చోట రంగు వెలవక ముదురు గీతగా నిలిచేది. ఆ గీతలు లెక్కపెడితే ఆ లంగా ఎన్నేళ్ళదో ఎవరికయినా తెలిసిపోయేది. చొక్కా చేతులు మొదటి ఏడు వేళ్ళ దాకా, రెండో ఏడు మణికట్టుకు, మూడో ఏడు తమ్ముడికి.

తాడేపల్లిగూడెంలో మా మామూకు కుట్టుమిషను ఉండేది. సెలవుల్లో మేము అక్కడే ఉండి కాజాలు తీసేవాళ్ళము, గుండీలు కుట్టేవాళ్ళము. మన జిల్లా ఊళ్ళలో దర్జీ అంటే సాయిబే. సంక్రాంతికి హిందువుల పిల్లలకు, రంజానుకు మన పిల్లలకు, రెండు పండుగలకూ ఆ చేతులే. నెలవంక కనబడ్డ రాత్రి మిషను ఆగేది కాదు. మామూ పిల్లల బట్టలు అన్నిటికన్నా చివర, ఫజర్ వేళకు, పూర్తయ్యేవి. ఒక్కోసారి గుండీలు పెట్టే వ్యవధి లేక పిన్నీసులతోనే ఈద్‌గాకు నడిచేవారు. 1957 రంజాను మే మొదట్లో వచ్చింది. అంతకు నెల రోజుల ముందే నయాపైసలు వచ్చాయి. ఈదీగా ఇచ్చిన ఆ మెరిసే బిళ్ళలు వేసుకోవడానికి చొక్కాకు జేబు పెట్టలేదని మేము ఏడవడం మామూకు చాలాకాలం గుర్తుంది.

ఇక అసలు చెప్పదలచిన మాట. ఒక ఏడు మా ఇంట్లో గుడ్డ కొనే స్తోమత లేకపోయింది. ఒక పెద్దమనిషి ధర్మంగా చొక్కాలు పంచారు. అన్నీ ఒకే తానులోవి, ఆకుపచ్చ చారలు. మంచి గుడ్డే, వంక పెట్టలేము. కాని ఈద్‌గాలో వరుసలో నిలబడితే ఆ చారలు ఎవరెవరి ఒంటి మీద ఉన్నాయో ఒక్క చూపులో తెలిసిపోయింది. నమాజు కాగానే తోటి పిల్లలు వేలు పెట్టి లెక్కపెట్టారు. ఇంటికొచ్చి ఆ చొక్కా విప్పి, పాతదీ పొట్టిదీ తొడుక్కుని బంధువుల ఇళ్ళకు సలాములకు బయలుదేరాము. "ఏమయిందిరా బేటా?" అంది అమ్మ. "ఉక్కపోస్తోంది" అన్నాము. అమ్మ మరి అడగలేదు.

ఇచ్చినవారిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. టోకున కొంటే చవక, లెక్క చూపడమూ తేలిక. ఉపాధ్యాయులుగా ముప్పయ్యేళ్ళు పిల్లల మధ్య గడిపాక మాత్రం ఒకటి గమనించాము. ధర్మంగా వచ్చిన బట్ట ఏదో తరగతిలో అందరికీ తెలుస్తుంది. దాన్ని తొడుక్కున్న పిల్లవాడు ఆ రోజు చేయి ఎత్తి జవాబు చెప్పడు.

అందుకే దాతలకు మా మనవి. గుడ్డకు బదులు చీటీ ఇచ్చి, అంగట్లో తల్లీబిడ్డలనే నచ్చింది ఏరుకోనివ్వండి. కుట్టుకూలి కూడా కలిపి లెక్కకట్టండి, గుడ్డ చేతికొచ్చి కూలికి లేక పెట్టెలో పెట్టిన ఇళ్ళు మాకు తెలుసు. ఇరవై ఏడో రాత్రి దాకా ఆగకుండా షాబాన్ నెలలోనే ఇస్తే దర్జీకీ ఊపిరి ఆడుతుంది. రెండంగుళాలు లోపలికి మడిచి కుట్టమని చెబితే మరుసటి ఏడూ పనికొస్తుంది.

మరొకటి. 2000 జనవరిలో ఈద్ సంక్రాంతికి కొద్ది రోజుల ముందు వచ్చింది. పల్లెల్లో డబ్బు ఆడే కాలం గనుక ఆ రెండు మూడేళ్ళూ విరాళాలు, అమ్మకాలు బాగున్నాయి. పండుగ ఏటా వెనక్కి జరిగి 2012 నాటికి ఆగస్టులో పడింది. అలా వానాకాలంలో పడిన ఏళ్ళలో కొల్లేటి అంచు పల్లెల్లో పనులుండవు, అడిగేవారు ఎక్కువవుతారు, ఇచ్చేవారి చేతులూ ఖాళీగా ఉంటాయి. మిగిలిన సొమ్ములో కొంత అలాంటి ఏళ్ళ కోసం విడిగా పెట్టే విషయం సంఘం పెద్దలు వచ్చే సమావేశంలో చర్చకు తీసుకోవాలని కోరుతున్నాము.