రంగు ఆఖర్న వేయండి: పాత సైకిల్‌ని ఇంట్లోనే బాగుచేసుకోవడం

ఈ ఎపిసోడ్ తునిలో మా పెరట్లోనే తీస్తున్నాం. మధ్యమధ్యలో కోళ్ళు అరుస్తాయి, రైలు కూత కూడా వినిపిస్తుంది. ఏమనుకోకండి.

నా పక్కనున్న ఈ సైకిల్ చూడండి. 28 అంగుళాల చక్రాలు, కడ్డీ బ్రేకులు, వెనక ఇంత వెడల్పు క్యారేజీ. హెర్క్యులిస్. ఇది మా తాతది. ఏటి అవతల పాయకరావుపేట వైపు తోటల్లోంచి తమలపాకుల బుట్టలు కట్టుకుని, తాండవ వంతెన దాటించి, తుని స్టేషన్ దాకా దీని మీదే తెచ్చేవాడు. ఇప్పుడైతే ఆ వంతెన దాటితే జిల్లాయే మారిపోతుంది లెండి. 2022 నుంచి ఇవతల కాకినాడ జిల్లా, అవతల అనకాపల్లి జిల్లా. తాత తొక్కే రోజుల్లో ఈ లెక్కలు వేరు.

తాతకి మోకాళ్ళు పట్టేశాక ఇది గోడకి చేరింది. నాలుగైదు వానాకాలాలు అక్కడే తడిసింది. పాత ఇనప సామాన్లు కొనే ఆయన వచ్చి 500 ఇస్తానన్నాడు. దాదాపు 20 కిలోల ఇనుము మరి. అమ్మ ఇచ్చేద్దామంది. నేను అడ్డం పడ్డాను. అడ్డం పడి ఏం చేశానంటే, ముందుగా దాన్ని పాడు చేశాను. ఈ ఎపిసోడ్ ఎందుకంటే మీరు ఆ పని చేయకూడదని.

ఫోన్‌లో ఇలాంటి వీడియోలు మనమందరం చూస్తాం కదా. తుప్పు పట్టిన సైకిల్ వస్తుంది, శాండ్ పేపర్ పడుతుంది, స్ప్రే పెయింట్ కొడతారు, పది నిమిషాల్లో షోరూమ్ బండి. నేనూ అదే మొదలుపెట్టాను. ఎమరీ పేపర్ తెచ్చి రెండు రోజులు గీకాను. నల్ల రంగు మీద సన్నటి బంగారు గీతలుండేవి, పోయాయి. వెనక మడ్‌గార్డు మీద తాత ఎప్పుడో బోర్డులు రాసే పెయింటర్ చేత తన పేరు రాయించుకున్నాడు. అదీ పోయింది. అది పేరు అని కూడా నాకు తట్టలేదు, తుప్పు కింద ఏదో మరకలా ఉంది. తాత వచ్చి మడ్‌గార్డు మీద చెయ్యి రాసి, "పేరేదిరా?" అన్నాడు. అంతే అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బావుండేది.

కాబట్టి మొదటి పని ఫోన్ తీయడం. పానా కాదు, ఫోన్. ఏ నట్టూ విప్పకముందు సైకిల్‌ని అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయండి. ముందర తల గొట్టం మీద కంపెనీ బిళ్ళ, సీటు దగ్గర గానీ పెడళ్ళ ఇరుసు డబ్బా కింద గానీ కొట్టి ఉండే నంబరు, గీతలు, రాతలు. కొన్ని పాత సైకిళ్ళకి మునిసిపాలిటీ పన్ను కట్టినప్పటి బిళ్ళ కూడా ఉంటుంది, సైకిల్‌కి పన్ను కట్టిన రోజులవి. తుడవడానికి ముందు తడిగుడ్డ, కొంచెం నూనె, అంతే. తుప్పు కింద రంగు బతికే ఉంటుంది చాలాసార్లు. రిమ్ములు, హ్యాండిల్ లాంటి మెరుపు భాగాలకి శాండ్ పేపర్ అస్సలు వద్దు. బిర్యానీ పార్శిల్‌కి చుట్టే అల్యూమినియం రేకు ఉంటుంది చూడండి, దాన్ని ఉండ చేసి నీళ్ళలో ముంచి రుద్దండి. ఆ రేకు క్రోమ్ కంటే మెత్తన, గీత పడదు, తుప్పు మాత్రం వదులుతుంది. నాకిది ఆలస్యంగా తెలిసింది.

ఇక రెండో తప్పు. ఇది దెబ్బలు తగిలిన తప్పు. రంగు ఆరగానే కొత్త టైర్లు, ట్యూబులు వేసి, చైనుకి నూనె పోసి, రోడ్డెక్కేశాను. బండి మెరిసిపోతోంది. వంతెన ఎక్కేటప్పుడు నిలబడి గట్టిగా తొక్కాను. ఎడం పెడల్ కడ్డీ గిర్రున తిరిగిపోయింది. నేను కింద, సైకిల్ నా మీద, వెనకాలే ఆటో. ఆటో ఆయన బ్రేకు కొట్టాడు కాబట్టి ఈ వీడియో చూస్తున్నారు మీరు.

తుని బజారులో పాత సైకిల్ మెకానిక్ ఒకాయన దగ్గరికి తోసుకుంటూ పోయాను. ఆయన రంగు వైపు చూడనే లేదు. వంగి, రెండు పెడల్ కడ్డీలూ పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. "అబ్బాయ్, కాటర్ పిన్ను అరిగిపోయింది. లోపల బాల్స్ కూడా తినేశాయి. ఇదేం చూసుకోకుండా పెయింట్ కొట్టేవేట్రా?" అన్నాడు. "చూసుకోలేదు బాబాయ్" అన్నాను. ఇంకేమంటాను. ఆ తర్వాత ఆయన పక్కన స్టూలేసుకుని కూర్చుని నేర్చుకున్నదే ఇప్పుడు మీకు చెప్పేది.

ముందు ఫ్రేము. మిగతావన్నీ కొనుక్కోవచ్చు, ఫ్రేము పోతే సైకిల్ లేనట్టే. రూపాయి బిళ్ళతో గొట్టాల మీద తట్టుకుంటూ వెళ్ళండి. గట్టి చోట ఒక శబ్దం వస్తుంది, తుప్పు తిని పల్చబడ్డ చోట డొల్లగా వస్తుంది. ముఖ్యంగా కింద. ఎందుకంటే సీటు కింద గొట్టం నేరుగా పెడళ్ళ ఇరుసు డబ్బాలోకి దిగుతుంది. వాన నీళ్ళు సీటు దగ్గర దూరి, అక్కడ చేరి కూర్చుంటాయి. నేను సీటు పీకి సైకిల్‌ని తలకిందులు చేస్తే కాఫీ రంగు నీళ్ళు కారాయి. తర్వాత ముందు చక్రం తీసి, ఫోర్కు మెడ దగ్గర వేలు పెట్టి తడమండి. రంగు వెంట్రుకలా చీలినట్టుంటే అనుమానించాలి, కింద ఇనుము పగిలి ఉండొచ్చు. ఫోర్కు పగిలిన సైకిల్‌ని ఇంట్లో అలంకారానికి పెట్టుకోండి, రోడ్డు మీదకి మాత్రం తీయొద్దు. మామూలు ఆర్క్ వెల్డింగ్ కూడా పెట్టించకండి, ఆ వేడికి పల్చటి గొట్టం కాలి, అతుకు పక్కనే మళ్ళీ విరుగుతుంది. ఈ పాత ఫ్రేముల అతుకులు ఇత్తడి పోసి చేసినవి.

ఫ్రేము వంకర ఉందో లేదో చూడ్డానికి మెషీన్లు అక్కర్లేదు. ఒక పురికొస చాలు. వెనక చక్రం తీసేసి, ఇరుసు కూర్చునే గాడిలో ఒక వైపు దారం కట్టి, ముందు తల గొట్టం చుట్టూ తిప్పి, రెండో వైపు గాడికి బిగించి కట్టండి. ఇప్పుడు సీటు గొట్టానికీ దారానికీ మధ్య ఎడం రెండు వైపులా స్కేలుతో కొలవండి. సమానంగా ఉంటే నిటారుగా ఉన్నట్టు. మాది 4 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. నేను కంగారుపడితే తాత నవ్వాడు. బుట్టల్లో పెద్దది ఎప్పుడూ ఒకే వైపు కట్టేవాడంట. ఆ మాత్రం తేడాకి నడిచే బండికి ఏమీ కాదని బాబాయ్ కూడా అన్నాడు. అందుకని దాన్ని సరిచేయించలేదు. మీది ఇంతకంటే బాగా ఎక్కువుంటే చూపించుకోండి.

విప్పేటప్పుడు ఒక్క చిక్కు తెలిస్తే సగం కష్టం తప్పుతుంది. ఎడం పెడల్‌కి మర ఉల్టా ఉంటుంది. కుడిదానిలాగే తిప్పితే ఇంకా బిగుస్తుంది, బలం పెడితే మర చెడిపోతుంది. గుర్తు ఇలా పెట్టుకోండి: పానాని పెడల్ దగ్గర పెట్టి పైకి నిలబెట్టి, వెనక చక్రం వైపు లాగండి. ఏ వైపైనా ఊడుతుంది. తొక్కే కొద్దీ పెడల్ దానంతటది వదులవకుండా ఈ ఏర్పాటు. పట్టేసిన నట్టుకి రాత్రి కాస్త డీజిల్ రాసి వదిలేయండి, కిరసనాయిలు దొరికితే అదీ సరే. పొద్దున్నకి మాట వింటుంది.

ఇప్పుడు కాటర్ పిన్ను. పెడల్ కడ్డీని ఇరుసుకి పట్టి ఉంచేది ఈ చిన్న మేకు లాంటి ముక్క. ఒక వైపు ఏటవాలుగా చెక్కి ఉంటుంది, ఆ చదును ఇరుసు మీది చదునుకి అతుక్కుని కూర్చోవాలి. తీసేటప్పుడు నట్టు పూర్తిగా తీసేసి కొట్టకండి, మర చితికిపోతుంది. నట్టుని చివరి దాకా వదులు చేసి, దాని మీద దెబ్బ పడేలా కొట్టండి. కొట్టేటప్పుడు కడ్డీ కింద కర్ర దుంగో, ఇనప గొట్టమో ఆనించండి. లేకపోతే సుత్తి దెబ్బంతా లోపలున్న బాల్స్ మీద పడుతుంది. కొత్తది పెట్టేటప్పుడు రెండు పిన్నులూ ఎదురెదురు దిశల్లో ఉండాలి. ఒకదాని నట్టు పైకుంటే రెండోదాని నట్టు కిందకి. రెండూ ఒకే వైపు పెడితే పెడళ్ళు ఒకే గీతలోకి రావు, కుంటి నడకలా ఉంటుంది. ఇంకొకటి, నట్టు బిగించి పిన్నుని లోపలికి లాగుదామనుకోకండి. సుత్తితో కొట్టి కూర్చోబెట్టాలి, నట్టు కేవలం కాపలా. అయిదారు కిలోమీటర్లు తొక్కాక ఆపి, మళ్ళీ రెండు దెబ్బలేసి నట్టు బిగించాలి. నేను పడింది ఈ ముక్క తెలియకే.

ఇరుసు డబ్బాలో ఒక్కో వైపు పావు అంగుళం బాల్స్ 11 ఉంటాయి. ఎడం కప్పు మాత్రం విప్పండి, కుడి వైపుది ఉల్టా మర, గట్టిగా కూర్చుని ఉంటుంది, అవసరం లేకపోతే దాని జోలికి పోవద్దు. కింద పాత దుప్పటి పరచండి, లేదంటే బాల్స్ ఏ మందారం మొదట్లోకి దొర్లుతాయో వెతుక్కోవాలి. నావి 22లో 17 దొరికాయి. వాటిలో బావున్నవి ఏరుకుని మళ్ళీ వేద్దామనుకోకండి, మొత్తం సెట్టు మార్చేయండి, చవకే. కప్పులు లోపల గుంటలు పడ్డాయేమో చూసి, గ్రీజు దండిగా పెట్టి, కొత్త బాల్స్ పేర్చి బిగించండి. ఎంత బిగించాలి? వేళ్ళతో తిప్పితే నున్నగా తిరగాలి, పట్టుకుని ఊపితే కదలకూడదు. ఆ రెండిటి మధ్య పావు చుట్టు తేడాయే. దీనికి నాకు ఒక మధ్యాహ్నం పట్టింది, బాబాయ్ అయితే టీ చల్లారే లోపు చేసేశాడు.

చక్రాల ఇరుసులకీ ఇదే పద్ధతి, మళ్ళీ చెప్పను. స్పోకులు లెక్కపెట్టుకోండి, ముందు 32, వెనక 40. బెండు తీయడానికి సైకిల్‌ని తలకిందులుగా నిలబెట్టి, రిమ్ము పక్కన సుద్దముక్క పట్టుకుని తిప్పండి. సుద్ద తగిలిన చోట రిమ్ము ఆ వైపుకి వాలింది. దానికి ఎదురు వైపు స్పోకుల్ని పావు చుట్టు చొప్పున బిగించండి. ఒకేసారి ఎక్కువ తిప్పితే అప్పడం అయిపోతుంది.

ఇవన్నీ ఇంకా దొరుకుతాయా అని మీకు అనుమానం రావచ్చు. ఇక్కడే మన పాత సైకిళ్ళ అదృష్టం ఉంది. మద్రాసులో టీఐ సైకిల్స్ 1949లో, సోనీపత్‌లో అట్లాస్ 1951లో, లూధియానాలో హీరో 1956లో మొదలయ్యాయి. పేర్లు వేరైనా అందరూ దాదాపు ఆ ఇంగ్లీషు వాళ్ళ అంగుళాల కొలతలే పట్టుకున్నారు. అట్లాస్ తన సాహిబాబాద్ ఫ్యాక్టరీలో పని ఆపేసింది 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినం రోజున. కానీ అట్లాస్ ఉన్నవాళ్ళకి భయం లేదు, దాని టైరూ చైనూ కాటర్ పిన్నూ ఇంకో కంపెనీవి సరిపోతాయి. మొన్న మొన్నటి ఫ్యాన్సీ సైకిళ్ళకి ఈ సుఖం లేదు, ఒక ప్లాస్టిక్ ముక్క విరిగితే ఆ మోడలే రావడం లేదంటారు. నాకు బాల్స్, పిన్నులు, చైను, టైర్లు, ట్యూబులు, బ్రేక్ రబ్బర్లు అన్నీ కలిపి 2000 లోపే అయింది. పెయింట్‌కి దండగ పెట్టింది అందులో కలపలేదు.

కొంచెం మార్చుకోవాలన్నా వీలుంది. మాది ముందు 44 పళ్ళు, వెనక ఫ్రీవీల్‌కి 18. అంటే పెడల్ ఒక చుట్టు తిప్పితే చక్రం దాదాపు రెండున్నర చుట్లు, బండి 5 మీటర్ల పైన కదులుతుంది. సాఫు రోడ్డుకి హాయి, వంతెన ఎక్కడానికి ప్రాణం మీదకొస్తుంది. 22 పళ్ళ ఫ్రీవీల్ వేస్తే చుట్టుకి 4.4 మీటర్లే వస్తుంది, వేగం తగ్గుతుంది, కాళ్ళు బతుకుతాయి. చైను ఒక లింకు పెంచాల్సి రావచ్చు. మా చెల్లి కోసం అదే చేశాను.

బ్రేకుల గురించి మాత్రం అబద్ధం చెప్పను. కడ్డీ బ్రేకు రబ్బర్లు రిమ్ముని లోపలి వైపు నుంచి నొక్కుతాయి. ఎంత బాగా అమర్చినా వాన పడితే తడి క్రోమ్ మీద జారతాయి. రెండు వైపులా ఎడం సమానంగా పెట్టండి, కడ్డీల నట్లు వారానికోసారి చూడండి, వానలో ముందునుంచే నొక్కడం అలవాటు చేసుకోండి. దీని మీద హైవే ఎక్కొద్దు. వెనక ఎర్ర రిఫ్లెక్టరు తప్పకుండా పెట్టండి.

మీ ఇంట్లో తాతల సైకిలే ఉండాలని లేదు. ప్రభుత్వ హైస్కూళ్ళలో ఆడపిల్లలకి 'బడికొస్తా' కింద ఇచ్చిన సైకిళ్ళు ఎన్నో ఇప్పుడు గోడలకి ఆనుకుని ఉన్నాయి. చాలావాటికి పోయింది ట్యూబులూ, బ్రేక్ రబ్బర్లే. నేర్చుకోవడానికి వాటితో మొదలుపెట్టడం తేలిక, పోగొట్టుకునే బంగారు గీతలు ఉండవు.

చెల్లి ఇప్పుడు దీని మీద ట్యూషన్‌కి వెళ్తోంది. పైకడ్డీ అడ్డం అని మొదట్లో గొణిగింది, అలవాటు పడిపోయింది. తాత రోజూ సాయంత్రం కాటర్ పిన్నులు వేలితో తడిమి చూస్తాడు. మడ్‌గార్డు మీద ఆ చోటు ఖాళీగానే ఉంచాను. పేరు మళ్ళీ రాయిద్దామంటే, రాసిన పెయింటర్ ఇప్పుడు లేడు కదరా అంటాడు. ఫ్లెక్సీలొచ్చాక చేత్తో రాసేవాళ్ళని వెతుక్కోవాలి. మీకు తుని, అన్నవరం, పిఠాపురం చుట్టుపక్కల అలాంటి చెయ్యి ఇంకా ఆడుతున్న పెయింటర్ ఎవరైనా తెలిస్తే నాకు చెప్పండి.

వచ్చే ఎపిసోడ్‌లో ఈ సైకిల్ డైనమో విప్పుదాం. ఏళ్ళుగా వెలగలేదు. లోపల తీగ తెగిందా, అయస్కాంతం నీరసించిందా చూడాలి. ఉంటానండి.