ధరించదగిన బయోసెన్సర్లకు వాహక సిరాలు: కొలత విశ్వసనీయతలో కీలక పాత్ర

దేశంలో 10.1 కోట్ల మంది మధుమేహంతో జీవిస్తున్నారని భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో నిర్వహించి, 2023లో ప్రచురించిన అధ్యయనం అంచనా వేసింది. ఇంటివద్ద చక్కెర పరీక్షకు వాడే స్ట్రిప్పులలో అనేకం ముద్రణ పద్ధతిలో తయారైనవే. శరీరంపై పట్టీలా అంటించుకుని ఆరోగ్య సూచికలను నిరంతరం గమనించే బయోసెన్సర్లను కూడా ఇదే పద్ధతిలో చౌకగా తయారుచేసేందుకు వివిధ దేశాలలో పరిశోధనలు జరుగుతున్నాయి. వీటిలో వాడే విద్యుద్వాహక సిరా కొలత కచ్చితత్వాన్ని ప్రభావితం చేసే ప్రధానాంశాలలో ఒకటి.

సిరాలో ఏముంటుంది?

మామూలు సిరాలో రంగు ఉండే చోట వాహక సిరాలో వెండి, కార్బన్ వంటి పదార్థాల సూక్ష్మకణాలు ఉంటాయి. వాటిని పట్టి ఉంచే పాలిమర్, పలుచన చేసే ద్రావణి ఇతర భాగాలు. ద్రావణి ఆవిరైన పిదప కణాలు ఒకదానినొకటి తాకుతూ గొలుసుకట్టుగా ఏర్పడినప్పుడే విద్యుత్తు ప్రవహిస్తుంది. కణాలు తగ్గితే ఈ గొలుసు తెగిపోతుంది. మితిమీరితే పొర పెళుసుబారి, వంచినప్పుడు పగుళ్లు ఏర్పడతాయి.

వెండి సుమారు 962 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. సెన్సర్‌కు ఆధారమైన ప్లాస్టిక్ పొర, వస్త్రం ఇంత వేడిని తట్టుకోలేవు. అయితే కణాలను నానో పరిమాణానికి తగ్గించినప్పుడు 200 డిగ్రీలకన్నా తక్కువ ఉష్ణోగ్రత వద్దనే అవి పరస్పరం అతుక్కోగలవు. రాగి చౌకైనప్పటికీ గాలి తగిలి ఆక్సీకరణం చెందడం దాని వినియోగానికి అవరోధంగా ఉంది.

స్ట్రిప్పు నుంచి పట్టీ వరకు

ఎంజైము ఎలక్ట్రోడు భావనను అమెరికా శాస్త్రవేత్తలు లీలాండ్ క్లార్క్, ఛాంప్ లయన్స్ 1962లో ప్రతిపాదించారు. గ్లూకోజ్‌పై ఎంజైము జరిపే చర్యలో విడుదలయ్యే ఎలక్ట్రాన్లు విద్యుత్ ప్రవాహంగా మారతాయి. మీటరు ఆ ప్రవాహాన్ని చక్కెర విలువగా చూపుతుంది. 1987లో మార్కెట్లోకి వచ్చిన ఎక్జాక్‌టెక్ మీటరులో స్క్రీన్ ప్రింటింగ్ ద్వారా తయారైన స్ట్రిప్పులను వినియోగించారు. శుభలేఖల ముద్రణలోనూ వాడే ఈ పద్ధతి వల్ల స్ట్రిప్పుల భారీ ఉత్పత్తి సాధ్యమైంది.

చెమటలోని గ్లూకోజ్, లాక్టేట్, సోడియం, పొటాషియంతో పాటు చర్మ ఉష్ణోగ్రతను ఏకకాలంలో కొలిచే పట్టీని బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రదర్శించారు.

కచ్చితత్వమే అసలు సవాలు

చెమటలో గ్లూకోజ్ రక్తంలో ఉన్నదానిలో సుమారు నూరో వంతు మాత్రమే. అందువల్ల స్వల్ప దోషం సైతం ఫలితాన్ని తారుమారు చేయగలదు. కొలతకు ప్రమాణంగా నిలిచే రిఫరెన్స్ ఎలక్ట్రోడును సాధారణంగా వెండి, సిల్వర్ క్లోరైడ్ కలిసిన సిరాతో ముద్రిస్తారు. చుట్టూ ఉన్న క్లోరైడ్ గాఢత పదింతలు మారితే దాని పొటెన్షియల్ సుమారు 59 మిల్లీవోల్టుల మేర మారుతుంది. చెమటలోని ఉప్పు మనిషిని బట్టి, చెమట పట్టే వేగాన్ని బట్టి మారుతుంది కనుక ఈ ఎలక్ట్రోడుపై ఉప్పుతో కూడిన రక్షక పాలిమర్ పొరను పూయవలసి ఉంటుంది.

తప్పు రీడింగును నమ్మి ఇన్సులిన్ మోతాదు నిర్ణయిస్తే రోగి ప్రాణానికే ముప్పు. ఇంటివద్ద వాడే రక్త పరీక్ష మీటర్లకు 2013 నాటి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, చక్కెర డెసిలీటరుకు 100 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి ఉన్నప్పుడు 95 శాతం ఫలితాలు వాస్తవ విలువకు 15 శాతం లోపు తేడాతో ఉండాలి. భారతదేశంలో వైద్య పరికరాలన్నీ 2020 ఏప్రిల్ 1 నుంచి ఔషధాల చట్టం పరిధిలోకి వచ్చాయి.

కావున కొత్త సెన్సర్ గురించిన ప్రకటన వెలువడినప్పుడు సిరా ఎంత బాగా విద్యుత్తును ప్రసరింపజేస్తుందన్న అంశంతో సరిపెట్టుకోరాదు. వంచిన తర్వాత, చెమటలో తడిసిన తర్వాత, అనేక గంటలు ధరించిన తర్వాత ఫలితం రక్త పరీక్షతో ఎంతవరకు సరిపోలిందన్నది కూడా పరిశీలించవలసి ఉంటుంది.