వీధిబడి

ఆంగ్ల విద్యావిధానం వ్యాపించక పూర్వం తెలుగునాట బాలురకు తొలి చదువు వీధిబడిలోనే లభించేది. పంతులుగారి ఇంటి అరుగైనా, ఆలయ మండపమైనా, చెట్టునీడైనా బడిగా మారేది. ఆ బడుల స్వరూపాన్ని తెలుసుకొనడానికి ఒక విలువైన ఆధారం నిలిచి ఉన్నది. దేశీయ పాఠశాలల వివరాలు సేకరించవలసిందిగా 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో ఆదేశించాడు. అందుకు సమాధానంగా బళ్లారి కలెక్టరు ఏ.డి. కాంబెల్ 1823లో సవివరమైన నివేదిక సమర్పించాడు. నేటి అనంతపురం ప్రాంతం నాడు బళ్లారి జిల్లాలోనిదే. ఆ జిల్లాలోని 533 బడులలో 226 తెలుగు బడులు.

అయిదవ ఏట అక్షరాభ్యాసం జరిగేది. గణపతిని పూజించి, బియ్యంలో బాలుని వేలు పట్టి పంతులుగారు దైవనామం వ్రాయించేవారు. ఉదయం ఆరు గంటలకు బడి మొదలయ్యేది. అందరికంటె ముందు వచ్చిన వాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాసేవారు. రెండవ వానికి సున్న. అంటే మెప్పూ లేదు, నిందా లేదు. మూడవ వానికి ఒక బెత్తపు దెబ్బ, నాల్గవ వానికి రెండు. ఆ తరువాత వచ్చినవారికి వరుసగా ఒక్కొక్కటి పెరిగేది. సోమరులకు కోదండం, గుంజీలు వంటి కఠిన శిక్షలు తప్పేవి కావు.

విద్యార్థులను వారి నేర్పును బట్టి సాధారణంగా నాలుగు తరగతులుగా విభజించేవారు. చిన్నవారు నేలపై ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. చేయి తిరిగిన తరువాతనే తాటాకుపై గంటంతోను, కాగితంపై కలంతోను, పలకపైన, కడితంపైన వ్రాసే అర్హత లభించేది. ఎక్కాలను కంఠస్థం చేయించేవారు. పై తరగతి బాలుడు క్రింది తరగతి వానికి చెప్పడంవల్ల నేర్చుకొనేవానికి పాఠం అందేది, చెప్పేవానికి అది స్థిరపడేది. ఇసుక వ్రాతను, పెద్దవారిచేత చిన్నవారికి చెప్పించే పద్ధతిని మద్రాసులోని ఎగ్మూరు అనాథ బాలుర పాఠశాలలో అమలుచేసిన ఆండ్రూ బెల్, 1797లో దానిని గురించి లండనులో గ్రంథం ప్రకటించాడు. ‘మద్రాసు పద్ధతి’ అనే పేరుతో అది ఇంగ్లండులో ప్రచారం పొందింది.

అయితే ఈ చదువులో ఒక పెద్ద లోపాన్ని కాంబెల్ గుర్తించాడు. బాలురు చదివే పద్యాల భాష వారు ఇంట మాట్లాడే భాషకు చాలా దూరం. అక్షరాలు నేర్చినవాడు ఏ పద్యాన్నైనా ఉచ్చరించగలడు; అర్థం మాత్రం వానికి అందదు. నాలుకకు వచ్చినది బుద్ధికి చేరకుండానే చదువు ముగిసేది.

అంతకంటె పెద్ద లోపం బడి వెలుపల ఉండేది. ఆ జిల్లాలోని మొత్తం విద్యార్థులు 6,641 మంది మాత్రమే; జనాభాలో వెయ్యికి సుమారు ఏడుగురే. వారిలో హిందూ బాలికలు 60 మంది. సీమ వస్త్రాల రాకతో చేనేతవారు జీవనోపాధి కోల్పోవడం, పిల్లల కష్టంపై కూడా కుటుంబం ఆధారపడవలసి రావడం బడులు క్షీణించడానికి కారణాలని నివేదిక పేర్కొన్నది.

తోటివానికి నేర్పుతూ తాను నేర్చుకొనడం వీధిబడి మనకిచ్చిన సంపద. అర్థం తెలియని వల్లెవేత, పేదపిల్లలకు అందని చదువు అది చేసిన హెచ్చరికలు. ఆ సంపదను నిలుపుకొని, ఈ హెచ్చరికలను మరువని బడియే నిజమైన విద్యాలయం.