పూడిక మట్టిలో తాబేలు బయటపడితే ఏం చేయాలి?

యాసంగి కోతలు ముగిసేసరికి కాల్వ నీరు అందని చెరువులు, కుంటలు నెర్రెలు బారతాయి. రైతులు పూడిక మట్టి తోలుకోవడానికి ట్రాక్టర్లు కట్టేది అప్పుడే. 2015లో మిషన్ కాకతీయ మొదలైన తర్వాత పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఊరూరా చూసిన పనే ఇది. ఈ పనిలో జేసీబీ బకెట్‌లోనో, పార కిందనో తాబేలు బయటపడుతుంటుంది. తల, కాళ్లు లోపలికి ముడుచుకొని మట్టిగడ్డలా కదలకుండా ఉంటుంది. "గిది సచ్చిపోయిందిరా, అవుతల పారెయ్" అని గట్టు మీదికి విసిరేసేవారు కొందరు. "ఇంట్ల తాంబేలు ఉంటే కలిసొస్తది" అని తీసుకుపోయి తొట్టిలో వేసేవారు మరికొందరు. గట్టు మీద ఎండకు చస్తుంది, తొట్టిలో ఆకలికి చస్తుంది. నిజానికి పార తగిలినప్పుడు అది చచ్చి లేదు, నిద్రలో ఉంది.

ఎండాకాలపు నిద్ర

మన చెరువుల్లో తరచూ కనిపించేది మెత్తని చర్మం కప్పిన డిప్ప గల తాబేలు. పొట్టవైపు వెనక కాళ్ల దగ్గర చర్మపు మూతలుంటాయి. కాళ్లు లోపలికి లాక్కున్నాక వాటిని తలుపుల్లా మూసుకుంటుంది. శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన పేరు లిస్సెమిస్ పంక్టాటా. దీనికి మనలాగా ఒంట్లో సొంత వేడి ఉండదు. చుట్టూ ఎంత వేడి ఉంటే ఒళ్లు అంత వేడెక్కుతుంది. రామగుండం, జగిత్యాల, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ఎండ 45 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. ఆ ఎండలో నీళ్లు లేని చెరువులో పైన తిరిగితే అది బతకదు. అందుకే నీళ్లు ఇంకిపోయే ముందే బురదలోకి తవ్వుకొని దిగుతుంది. పై మట్టి పెళుసుగా ఎండినా లోపల చల్లగా, తడిగా ఉంటుంది. అక్కడ గుండె కొట్టుకోవడం, ఊపిరి తీయడం బాగా తగ్గించుకొని, తిండి లేకుండా, వానాకాలంలో ఒంట్లో పట్టిన కొవ్వునే కొంచెం కొంచెంగా ఖర్చు చేసుకుంటూ నెలల తరబడి పడి ఉంటుంది. విత్తనానికి దాచిన వడ్లను పొదుపుగా వాడుకునే సంసారం లాంటిదే ఇది.

చలిదేశాల్లో ఇదే పని చలికాలంలో జరుగుతుంది. అమెరికాలో బాక్స్ తాబేలు అనే జాతి ఆకుల కింద, మట్టిలో దూరి మంచు కాలమంతా నిద్రపోతుంది. అక్కడ వీటిని ఇళ్లలో సాకేవారున్నారు. అనుభవం ఉన్నవారు ఒక నియమం పాటిస్తారు. కొత్తగా వచ్చిన తాబేలును, చిక్కిపోయినదాన్ని, జబ్బుగా ఉన్నదాన్ని ఆ ఏడాది నిద్రకు పంపరు. అది ఎంత తిని వచ్చిందో, కడుపులో పురుగులున్నాయో లేవో తెలియదు. నిల్వ చాలకపోతే నిద్రలోనే పోతుంది. మన దగ్గరి లెక్క కూడా ఇదే. ఏప్రిల్‌లో మట్టిలోంచి బయటికి తీసిన తాబేలు అప్పటికే తన నిల్వలో కొంత తినేసింది. ఇంటి తొట్టిలో అది పూర్తిగా మేలుకోదు, పూర్తిగా నిద్రపోదు. తిండి ముట్టదు, వేడికి ఒళ్లు మాత్రం మేలుకున్నంత ఖర్చు చేస్తుంది. రోహిణి కార్తె దాటకముందే పని అయిపోతుంది. పిల్లలు అన్నం మెతుకులు వేసినంత మాత్రాన బతకదు.

ఇంకో సంగతి. భయపడితే మూత్రం వదలడం తాబేళ్ల అలవాటు. చీదరించుకొని పక్కన పెట్టేస్తాం. కానీ ఎండాకాలంలో దాని ఒంట్లో ఉండే నీటి నిల్వ అదే. అమెరికా ఎడారి తాబేళ్ల విషయంలో దీన్ని బాగా గమనించారు. ఊరికే చేతుల్లోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి చూపిస్తే దాని నీళ్లు మనమే పారబోసినట్టు.

చచ్చిందా, బతికుందా?

చచ్చినదైతే వాసన వస్తుంది, ఈగలు ముసురుతాయి, కాళ్లు జారిపోయి వేలాడుతుంటాయి. నిద్రలో ఉన్నదైతే బరువుగా ఉంటుంది, మూతలు బిగించి ఉంటాయి. నీడలో పెట్టి మనుషులు దూరంగా జరిగితే కాసేపటికి ముక్కు బయటపెడుతుంది. అనుమానం ఉంటే బతికున్నట్టే లెక్క కట్టాలి.

పట్టుకునేటప్పుడు రెండు చేతులతో డిప్పను వెనక భాగంలో, రెండు పక్కలా పట్టుకోవాలి. దీని మెడ చాలా పొడవు, వెనక్కి తిప్పి కరుస్తుంది, పట్టిందంటే తొందరగా వదలదు. తోక పట్టుకొని వేలాడదీయరాదు. వెల్లకిలా పెట్టరాదు. తడి గోనెసంచి కప్పి నీడలో ఉంచాలి. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి, తాబేళ్ల ఒంటి మీద కడుపుజబ్బు తెచ్చే సూక్ష్మజీవులుంటాయి.

తర్వాత ఎక్కడ వదలాలన్నది ముఖ్యం. అదే చెరువులో వదలాలి. తూము దగ్గర గాని, లోతట్టున గాని నీళ్లు మిగిలి ఉంటే ఆ ఒడ్డున పెట్టి, దానంతటదే నడిచి దిగేదాకా వదిలేయాలి. నిద్రమత్తులో ఉన్నదాన్ని లోతు నీళ్లలోకి విసిరితే ఈదలేక మునిగిపోవచ్చు, అది ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవి. నీళ్లు అసలే లేకపోతే, తవ్వకం జరగని చోట, చెట్టు నీడన తడి తగిలేదాకా మూరెడు గుంట తీసి, పొట్ట కిందికి ఉండేలా పెట్టి, పైన పొడిపొడిగా తడి మట్టి కప్పాలి. తొక్కి గట్టిచేయరాదు. మిగతాది అదే తవ్వుకుంటుంది. ఉదయం గాని, పొద్దు గూకే వేళ గాని ఈ పని చేస్తే మేలు.

మట్టితోపాటు ట్రాలీలో పొలానికి వచ్చేవి కూడా ఉంటాయి. మట్టి కుప్పలు పరిచేటప్పుడు, రోటవేటర్ తిప్పే ముందు ఒకసారి చూసుకోవాలి. వీలుంటే చెరువులో అన్నిటికన్నా లోతైన గుంట దగ్గర కొంత భాగం తవ్వకుండా వదలమని జేసీబీ డ్రైవర్‌కు ముందే చెప్పుకోవాలి. ఒక్కరు చెబితే వినకపోవచ్చు, మట్టి తోలుకునే నలుగురూ కలిసి చెప్పాలి.

బావిలో వేస్తే?

నీళ్లు శుభ్రంగా ఉంటాయని చేదబావుల్లో తాబేళ్లను వేసే అలవాటు మన పెద్దలకు ఉండేది. పురుగులను, చచ్చిన జీవాలను తింటుంది, ఆ మాట నిజమే. కానీ నిట్రంగా కట్టిన రాతి గోడ బావిలోంచి అది పైకి రాలేదు. ఒడ్డు లేదు, గుడ్లు పెట్టడానికి మట్టి లేదు. ఏళ్ల తరబడి బతికినా దాని సంతానం అంతటితో ఆగినట్టే. చెరువులో ఉంటే నత్తలు, పీతలు, పురుగులు, కప్పలు, చచ్చిన చేపలు తిని నీళ్లు కుళ్లకుండా చూస్తుంది. చేపపిల్లలను తింటుందని మత్స్యకారుల ఫిర్యాదు ఉంది. తినదని చెప్పలేం. కానీ చెరువులో చచ్చి తేలే చేపను ఎత్తేసేది కూడా అదే.

ఇక చట్టం సంగతి. ఈ తాబేలును పట్టడం, ఇంట్లో ఉంచుకోవడం, అమ్మడం, కూర వండుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఇది ఆ చట్టంలో మొదటి షెడ్యూల్ జీవి, పులి ఉన్న జాబితాలోదే. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక శిక్ష మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా. అదృష్టం కోసమని పట్నాల్లో చాటుగా అమ్మే నక్షత్ర తాబేలు కూడా ఇప్పుడు ఆ షెడ్యూల్‌లోనే ఉంది. అది మెట్టనేలల జీవి, నీళ్ల తొట్టిలో వేస్తే మునిగి చస్తుంది. "ఇంటికి తెచ్చుకున్నం, ఇప్పుడేం చేయాలె" అనేవారు ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌కు చెప్పి అప్పగించడం మంచిది. గాయపడిన తాబేలు దొరికినా అంతే.

మృగశిర కార్తెలో మొదటి వానలు పడి నేల నానగానే ఇవి వాటంతట అవే బయటికి వస్తాయి. రోడ్లు దాటుతాయి, నారుమళ్లలోకి వస్తాయి. అది వెళ్లే దిక్కుకే దాటించి వదలాలి. చెరువు గట్టు పక్కన దున్నేటప్పుడు మట్టిలో గుండ్రటి తెల్లని గుడ్లు కనిపిస్తే, పైవైపు పైకే ఉండేలా, దొర్లించకుండా, అదే గుంటలో పెట్టి మట్టి కప్పాలి. తిరగబడితే లోపలి పిల్ల చస్తుంది.