బోనమ్ డ్రమ్ములకు దీటైన స్పీకర్లు

1971లో వచ్చిన రాక్ బృందం లెడ్ జెప్లిన్ నాలుగో ఆల్బమ్‌లోని చివరి పాటకు జాన్ బోనమ్ డ్రమ్ములను ఇంగ్లండ్‌లోని హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో మెట్ల దగ్గరి హాలులో పెట్టి, మైకులను పైఅంతస్తు నుంచి వేలాడదీసి రికార్డు చేశారు. మంచి స్పీకర్లో ఆ దెబ్బతో పాటు హాలు మారుమోగడం కూడా వినిపిస్తుంది. స్పీకర్లు కొనడానికి దుకాణానికి వెళ్లేవారు ఈ పాటను ఫోన్లో వెంట తీసుకెళ్లడం మంచిది.

బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ సుమారు 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. చిన్న స్పీకర్లు అంత లోతుకు దిగలేవు. అయినా ఆరున్నర అంగుళాల వూఫర్ ఉన్న బుక్‌షెల్ఫ్ జత మామూలు గదిలో రాక్‌కు బాగానే సరిపోతుంది.

అట్టపెట్టె మీద వేసే వాట్ల అంకెను నమ్ముకోవద్దు.

చూడాల్సింది సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కు స్పీకర్ ఎంత శబ్దం చేస్తుందో. 87 డెసిబెల్స్ స్పీకర్ ఇచ్చేంత శబ్దాన్ని 90 డెసిబెల్స్‌ది సగం పవర్‌తోనే ఇస్తుంది. చిన్న ఆంప్లిఫయర్ ఉన్నవారికి అసలైన పొదుపు ఇదే.

సెకండ్‌హ్యాండ్ జత అయితే వూఫర్ చుట్టూ ఉండే అంచును వేలితో మెల్లగా తాకి చూడాలి. పాత ఫోమ్ పొడిపొడిగా రాలుతుంటే, దాన్ని మార్పించే ఖర్చు ధరలో తగ్గించమని అడగాలి.

స్పీకర్లను గది మూలకు నెడితే బేస్ పెరుగుతుంది గానీ ముద్దగా వినిపిస్తుంది. కాస్త ముందుకు జరిపి, ట్వీటర్లు చెవి ఎత్తులో ఉండేలా పెట్టుకోవాలి. సబ్‌వూఫర్ తర్వాతైనా కొనుక్కోవచ్చు, ముందు ఉన్న డబ్బంతా మంచి జత మీదే పెట్టండి.