ఇంటిని మడతపెట్టి సూట్‌కేస్‌లో పెట్టుకున్న శిల్పి

శిల్పం అనగానే మనకి ఏం గుర్తొస్తుంది? లేపాక్షి నంది. హుస్సేన్ సాగర్ మధ్యలో బుద్ధుడు. అంటే రాయి, బరువు, పెట్టిన చోటే ఉండిపోవడం. ఈ రోజు మనం మాట్లాడుకునే శిల్పాన్ని మాత్రం చీరలా మడతపెట్టొచ్చు. సూట్‌కేస్‌లో సర్ది విమానం ఎక్కించొచ్చు. పైగా అది ఒక ఇల్లు, అసలు ఇల్లు ఎంతుందో అంత సైజులో!

చేసినాయన పేరు దో హో సు. 1962లో దక్షిణ కొరియాలోని సియోల్‌లో పుట్టారు. నాన్న పేరున్న చిత్రకారుడు. ఆయన 1970ల్లో ఒక రాజభవనం ఆవరణలో ఉన్న పాత కట్టడాన్ని నమూనాగా తీసుకుని సంప్రదాయ కొరియన్ ఇల్లు కట్టించారు. దాన్ని హనోక్ అంటారు. చెక్క స్తంభాలు, చెక్క దూలాలు, మధ్యలో వాకిలి. మన మండువా ఇల్లు చూసినవాళ్లకి ఈజీగా ఊహకి వస్తుంది.

హనోక్‌లో ఒక విశేషం ఉంది. చెక్కల్ని ఒకదాంట్లో ఒకటి దూర్చి బిగిస్తారు. అందుకే విప్పి, ఇంకో చోటికి తీసుకెళ్లి మళ్లీ నిలబెట్టొచ్చు. మన ఊళ్లలో పాత ఇల్లు పడగొడితే ద్వారబంధాలు, తలుపులు దాచి కొత్త ఇంటికి వాడతారు కదా, వాళ్లు ఏకంగా ఇంటినే తీసుకెళ్లగలరు. దీనికి కొరియాలో ఒక మాట కూడా ఉంది: ‘ఇంటిని నడిపించడం’. 2025లో లండన్ టేట్ మోడర్న్‌లో జరిగిన ఆయన పెద్ద ప్రదర్శనకి పెట్టిన పేరు ఇదే.

1991లో ఆయన చదువుకోవడానికి అమెరికా వెళ్లారు. తర్వాత న్యూయార్క్‌లో ఉన్నప్పుడు బయట గోలకి రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. చివరిసారి ఎక్కడ హాయిగా పడుకున్నాను అని ఆలోచిస్తే సియోల్ ఇల్లు గుర్తొచ్చింది. ‘ఆ ఇంటిని ఇక్కడికి తెచ్చుకుంటే?’ అన్న ఆలోచన అక్కడ మొదలైంది.

1999లో తెచ్చుకున్నారు కూడా. టేపు పట్టుకుని సియోల్ ఇల్లంతా కొలిచి, లేత ఆకుపచ్చ రంగు పలచటి పట్టుతో అదే సైజులో కుట్టించారు. కిటికీల డిజైన్లు, పైకప్పు, అంతా కుట్టే. లాస్ ఏంజెలెస్‌లోని కొరియన్ సాంస్కృతిక కేంద్రంలో పైకప్పు నుంచి వేలాడదీశారు. పేరు ‘సియోల్ ఇల్లు / ఎల్.ఏ. ఇల్లు’. అక్కడి నుంచి ఏ ఊళ్లో ప్రదర్శిస్తే ఆ ఊరి పేరు చివర్లో చేరుతూ వచ్చింది: న్యూయార్క్ ఇల్లు, బాల్టిమోర్ ఇల్లు, లండన్ ఇల్లు... ఆధార్‌లో అడ్రస్ మారిస్తే పాతది పోతుంది. ఇక్కడ ఏదీ పోదు, కొత్తది చేరుతుంది. నాకు ఈ పనిలో బాగా నచ్చింది ఇదే. ‘మీదే ఊరు?’ అంటే ఒక్క ఊరి పేరే చెప్పాలని రూలేమీ లేదు.

2013లో సియోల్‌లో ఇంకా పెద్దది చేశారు. అమెరికాలోని ప్రావిడెన్స్‌లో తను మొదట అద్దెకున్న మూడంతస్తుల ఇల్లు నీలిరంగు బట్టతో, 12 మీటర్లకి పైగా ఎత్తు. దాని లోపల వేలాడుతూ చిన్ననాటి హనోక్. పరాయి దేశపు ఇంటి కడుపులో సొంతిల్లు!

ఇంజినీరింగ్ స్టూడెంట్స్‌కి స్పెషల్ ఒకటి. శాన్ డియేగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఇంజినీరింగ్ బిల్డింగ్ పైన, ఏడో అంతస్తు అంచున, ఒక చిన్న ఇల్లు వంకరగా వేలాడుతూ కనిపిస్తుంది. పేరు ‘రాలిపడిన నక్షత్రం’, 2012. లోపల సోఫా, ఫొటోలు, అన్నీ ఉంటాయి. కానీ నేల ఒక కోణంలో, గోడలు ఇంకో కోణంలో. అడుగుపెడితే తల తిరుగుతుంది. కొత్త దేశంలో మొదటి నెల ఎలా ఉంటుందో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

సరే, ఒక ప్రశ్న. ఇంత కష్టం ఎందుకు, ఫొటో తీసుకుంటే చాలదా? మన ఫోన్లలో వేల ఫొటోలున్నాయి కదా. తేడా ఏంటంటే, ఫొటో కంటికి కనిపించింది దాస్తుంది. కానీ ఇల్లు చేతులకి కూడా గుర్తుంటుంది. కరెంటు పోతే చీకట్లో స్విచ్ బోర్డు వెతుక్కునేది చెయ్యే కదా. అందుకే ఆయన తలుపు పిడులు, స్విచ్‌లు, పైపులు కూడా విడిగా బట్టతో కుడతారు. న్యూయార్క్‌లో చాలా ఏళ్లు అద్దెకున్న ఫ్లాట్‌లో ఇంకో పని చేశారు. లోపలంతా కాగితం అంటించి, రంగు పెన్సిల్‌తో రుద్దారు. చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో గీకేవాళ్లం చూడండి, అచ్చం అదే టెక్నిక్. ఆ ప్రాజెక్టు పేరు ‘రబ్బింగ్ / లవింగ్’. కొరియన్ లిపిలో ర, ల శబ్దాలకి ఒకటే అక్షరం కాబట్టి రెండు మాటలూ ఒకేలా వినిపిస్తాయి. గోడని రుద్దడమూ ప్రేమించడమూ ఒకటే అయిపోయాయి.

అయితే ఆ బట్ట ఇంట్లో ఎవరూ కాపురం ఉండలేరు. గోడకి ఆనుకోలేం, మేకు కొట్టలేం. గోడలోంచి అవతలి మనుషులు కనిపిస్తారు. అంటే వదిలేసిన ఇల్లు తిరిగి రాదని ఆ శిల్పమే ఒప్పుకుంటోంది. దాని ఆకారం మాత్రం మనతో వస్తుంది. చదువుకో, ఉద్యోగానికో పీజీలు, అద్దె గదులు మారేవాళ్లకి ఈ తేడా తెలియడం మంచిదే. ఊళ్లో ఇల్లు అమ్మేశారని తెలిసినప్పుడు ఎందుకంత బాధేస్తుందో కొంచెం అర్థమవుతుంది.

ఈసారి గది ఖాళీ చేసేటప్పుడు సెల్ఫీతో పాటు ఒక తెల్లకాగితం, పెన్సిల్ తీసుకోండి. తలుపు గడియ మీదో, స్విచ్ బోర్డు మీదో పెట్టి రుద్దండి. స్విచ్ బోర్డు అయితే ముందు మెయిన్ ఆపండి, ప్లీజ్! మీరైతే ఏ ఇంట్లో ఏ వస్తువు మీద కాగితం పెడతారో కామెంట్లో చెప్పండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.