వలస పోయినవారును లెక్కలోని వారే

మన అనంతపురము పీఠభూమిలో సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియును. అదియైనను అదనున కురియునన్న నమ్మకము లేదు. వేరుశనగ విత్తిన పిదప వాన మొగము చాటు చేసినచో చేనిలో కాయ ఉండదు, పశువులకు మేత ఉండదు. అప్పుడు కదిరి చుట్టుపట్టుల కూలీలును, చిన్న రైతులును మూటాముల్లె సర్దుకొని బెంగుళూరికి బేల్దారి పనులకు పోవుదురు. కొందరు కేరళ దాక పోవుదురు. ముసలివారును, బడికి పోవు పిల్లలును ఇంటి వద్ద మిగులుదురు. ఇది మనకు క్రొత్త సంగతి కాదు. కాని జనాభా లెక్కలు వ్రాయువారు వచ్చిన దినమున ఆ ఇంటిలో ఎందరు ఉన్నట్లు? పోయినవారిని ఎక్కడ లెక్కింపవలెను? ఈ ప్రశ్ననే నేడు విచారింతము.

లెక్క యనునది వట్టి అంకెల కూడిక కాదు. 1876 నుండి 1878 వరకు వచ్చిన గొప్ప కరువులో దత్తమండలములు ఎంతగా నష్టపడినవో మనకు నేడు తెలియుటకు ముఖ్యమైన ఆధారములలో జనాభా లెక్కలు ఒకటి. 1871 నాటి సంఖ్యకన్న 1881 నాటి సంఖ్య ఇచ్చట తగ్గిపోయెను. పేర్లు మిగులని వారి కష్టమునకు ఆ తగ్గుదలయే సాక్ష్యమై నిలిచినది.

నేటి కాలమున లెక్కకు మరియొక ప్రయోజనము కలదు. 2013 నాటి ఆహార భద్రతా చట్టము ప్రకారము చౌక ధరల బియ్యము ఎందరికి చెందవలెనో నిర్ణయించుటకు ప్రకటితమైన జనాభా లెక్కలే ఆధారము. 2021లో జరుగవలసిన గణన కోవిడ్ మహమ్మారి మూలమున ఆగిపోయినందున, తరువాతి యేండ్లలో సైతము 2011 నాటి సంఖ్యయే ఆధారమయ్యెను. ఒకసారి లెక్క తప్పినవాడు పది సంవత్సరములు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, లేనివాని క్రిందనే జమ యగును.

తరువాతి గణనకు 2027 మార్చి 1వ తేదీ తొలి క్షణమును ప్రమాణముగా ప్రభుత్వము నిర్ణయించినది. 2026 ఏప్రిలు, సెప్టెంబరు నెలల నడుమ ఇండ్ల పట్టిక వ్రాయుట మొదటి దశ. 2027 ఫిబ్రవరిలో మనుష్యులను లెక్కించుట రెండవ దశ. 1931 తరువాత తొలిసారిగా అందరి కులవివరమును ఇందు చేర్చుటకు నిర్ణయమైనది. కుటుంబమువారు తామే వివరములను నమోదు చేసికొను వసతియు ఏర్పాటైనది.

ఇక వలస పోయినవారి మాట. 2011 గణనలో పాటించిన నియమము సులభమైనది. లెక్కలు జరుగు దినములలో కొంత కాలమైనను ఇంటి వద్ద నుండువానిని ఇంటి వద్దనే వ్రాయుదురు. ఆ దినములన్నియు పరస్థలమున గడుపువానిని, అతడున్న చోటనే వ్రాయుదురు. ఇల్లు వాకిలి లేక బస్సు స్టాండులలోను, రోడ్డు ప్రక్కలను పండుకొనువారిని ఫిబ్రవరి 28వ తేదీ రాత్రి లెక్కించిరి. కనుక ఒకే మనిషి రెండు చోట్ల చేరరాదు. ఏ చోటను చేరకుండుట అంతకన్న కీడు.

“బెంగుళూరిలో పేరు వ్రాయించినచో ఊరిలో రేషను కార్డు పోవునేమో, ఓటు పోవునేమో” యని కొందరు జంకుదురు. ఈ భయమునకు తావు లేదు. 1948 నాటి జనాభా లెక్కల చట్టము ప్రకారము ఒక్కొక్కరు చెప్పిన వివరములు రహస్యములు. వానిని ఇతరులు తనిఖీ చేయుటకు హక్కు లేదు; ఆ చట్టము క్రింద జరుగు విచారణలో తప్ప, అవి న్యాయస్థానమున సాక్ష్యముగా చెల్లవు. రహస్యమును వెల్లడించిన ఉద్యోగి శిక్షకు పాత్రుడు. భర్త పేరు చెప్పుమని స్త్రీని నిర్బంధింపరాదని కూడ ఆ చట్టమే చెప్పుచున్నది. అయితే అడిగిన ప్రశ్నలకు తెలిసినంత వరకు నిజము చెప్పుట మన విధి.

ఊరి సంఖ్య తగ్గునని పెద్దలు చింతింప నక్కరలేదు. పుట్టిన ఊరేది, ఇంతకు ముందున్న ఊరేది, ఏల వచ్చితివి, వచ్చి ఎంత కాలమైనది అని 2011లో అడిగిరి. బెంగుళూరి గుడిసెలో నున్న కూలి వీనికి సరిగా బదులు చెప్పినచో, ఏ జిల్లా నుండి ఎందరు పనికై తరలిపోయిరో దేశమునకు తెలియును. మన కరువు అంకెలలో కనబడు మార్గమిదియే.

పనిని గూర్చియు జాగ్రత్త వలయును. ఏడాదిలో ఆరు నెలలైనను పని చేసినవారిని ముఖ్య శ్రామికులుగను, అంతకు తక్కువ చేసినవారిని ఉపాంత శ్రామికులుగను 2011లో వ్రాసిరి. కలుపు తీసి, కాయలు వలిచి, గొఱ్ఱెలు మేపు ఇల్లాలిని గూర్చి “ఆమె కేమి పని లేదు” అని చెప్పుట అన్యాయము. మాతృభాష అడిగినప్పుడు, కన్నడ దేశమున నున్నను తెలుగు వారు తెలుగనియే చెప్పవచ్చును.

దూరదేశములు సైతము వలస వచ్చినవారిని లెక్క తప్పనీయరాదని యత్నించుచున్నవి. అమెరికాలో 2020 గణనకు 59 భాషలలో సూచనలు ప్రకటించిరి. వానిలో తెలుగు ఒకటి.

కాబట్టి ఇంటి వద్ద నున్న పెద్దలు, పనికి పోయిన బిడ్డలకు ఫోను చేయునప్పుడు వానల సంగతితో పాటు ఈ సంగతియు చెప్పుదురు గాక. పనివారిని తోడ్కొని పోవు మేస్త్రీలు, లెక్కల ఉద్యోగి వచ్చిన దినమున గుడిసెలను చూపింతురు గాక. కరువు మనవారిని ఊరు దాటించినది. లెక్కలో నుండి మాత్రము దాటింపకుండుట మన చేతిలోని పని.